స్టిక్కర్ లేని ఫైలు

నవనీతకు పుట్టిన మూడో నెలలో జ్వరం వచ్చి పక్కలెగరేస్తుంటే ఊళ్లో ఒక ముసలామె ఇనుప సీకు కాల్చి ఎడమ రొమ్ము మీద వాత పెట్టింది. జ్వరం తగ్గింది, వాత మానింది. ఆ వాత కింద ఇంకేమీ పెరగదన్న సంగతి పదమూడేళ్లు వచ్చాక తెలిసింది. కుడివైపు అందరు ఆడపిల్లలకు వచ్చినట్టే వచ్చింది. ఎడమవైపు మాత్రం ముడుచుకుపోయిన తోలే మిగిలింది.

అప్పటినుంచి ఆమె చేతిరుమాళ్లు మడిచి లోపల పెట్టుకునేది. రెండు పెడితే చాలదు, మూడు పెడితే ఎత్తు. చెమటకు అవి తడిసి జారేవి. కాలేజీలో ఒకసారి బస్సెక్కుతుంటే రుమాలు జారి మెట్టు మీద పడింది. వెనకనున్న పిల్ల అది తీసి, ఏమీ తెలియనట్టు ఆమె చేతికిచ్చింది. ఆ పిల్ల ముఖంలోని మర్యాదను నవనీత చాలాకాలం మరిచిపోలేదు.

డిగ్రీ అయ్యాక మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో, ఒక మొబైల్ షాపు పైనున్న 'సొగసు' కాస్మెటిక్ సెంటర్‌లో రిసెప్షన్ ఉద్యోగం దొరికింది. ఆమెది దేవరకద్ర అవతల ఊరు. రోజూ బస్సులో వచ్చిపోయేది. నాయిన భిక్షం గొర్రెలు కాస్తాడు. అమ్మ గుర్వమ్మ చేను చూసుకుంటుంది. బిడ్డ ఏసీ గదిలో కూర్చునే నౌకరీ చేస్తోందని ఇద్దరికీ గర్వం.

సెంటర్ నడిపేది విజేందర్. బోర్డు మీద ఆయన పేరు వెనక నాలుగు డిగ్రీలుండేవి. అందులో సర్జరీ చదివినట్టు చెప్పేది ఒక్కటీ లేదు. మొదట్లో ఆదివారాలు హైదరాబాద్ నుంచి ఒక సర్జన్ వచ్చేవాడు. తర్వాత ఆయన రావడం మానేశాడు. ఆపరేషన్లు మాత్రం ఆగలేదు. పక్కన నిలబడి చూసిన పని విజేందరే చేయడం మొదలుపెట్టాడు. ఈ సంగతి ఆయాతో సహా అందరికీ తెలుసు. వచ్చే ఆడవాళ్లకు మాత్రం తెలియదు.

వాళ్లకు ధైర్యం చెప్పడం నవనీత పని.

"ఏం గాదక్కా. గంట పని. సాయంత్రం ఇంటికి పోవచ్చు," అనేది. రొమ్ముల్లో పెట్టే ఇంప్లాంట్‌ను నమూనాగా చేతిలో పెట్టి నొక్కి చూడమనేది. అది పారదర్శకమైన చిన్న సంచి, లోపల సిలికాన్ జెల్. నొక్కితే మెత్తగా సాగి మళ్లీ గుండ్రమయ్యేది. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు మధ్యలోనే ఇంగ్లీషు ఫారం ముందు పెట్టి సంతకం చేయించేది. ఆ ఫారంలో ఏముందో ఆమె ఎప్పుడూ చదవలేదు.

ఇంప్లాంట్ డబ్బాలో స్టిక్కర్లు వస్తాయి. ఒక్కో స్టిక్కర్ మీద కంపెనీ పేరు, సైజు, సీరియల్ నంబరు ఉంటాయి. ఒకటి పేషంటు ఫైల్లో అంటించాలి, ఒకటి పేషంటుకిచ్చే కార్డు మీద. అంటించడం కూడా నవనీత పనే. వంకర పోకుండా స్కేలు పెట్టి మరీ అంటించేది.

కొత్తకోటలో లేడీస్ ఎంపోరియం నడిపే శోభ అలాగే వచ్చింది. ముప్పై ఆరేళ్లుంటాయి. మనిషి మాటకారి. ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక ఒళ్లు జారిపోయిందని, తన అంగట్లో అమ్మే జాకెట్లు తనకే కుదరడం లేదని నవ్వుతూ చెప్పింది. ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు మళ్లీ వచ్చినప్పుడు ముఖంలో నవ్వు లేదు.

"రాయి లెక్క అయింది నవనీతా. ఒక్కదిక్కు పైకి గుంజుకపోయింది. పక్కకు తిరిగి పండుకోరాదు. నా బిడ్డ వచ్చి ఎత్తుకోమంటే భయమైతుంది," అన్నది.

విజేందర్ చెప్పమన్న మాట నవనీత చెప్పింది. "మాలిష్ చేసుకోండక్కా, తగ్గుతది."

తగ్గలేదు. ఇంకో మూడు నెలలకు రెండూ తీసేశారు. తీసిన రోజు శోభ గోడ పట్టుకుని నడుస్తూ, "గవి నాకిస్తరా?" అని అడిగింది.

"అవి దవాఖాన చెత్త కింద లెక్కమ్మా. మేమే కాలవెడతం," అన్నాడు విజేందర్.

తర్వాత రెండు నెలలకు ఆయన నవనీతను తన గదికి పిలిచాడు. ఆమె రుమాళ్లు పెట్టుకోవడం చాలా రోజులుగా చూస్తున్నానని, సిగ్గుపడాల్సిన పనిలేదని అన్నాడు.

"నీకు ఒక్కదిక్కే కావాలె గద. జతల ఒకటి స్టాక్ల మిగిలింది. మనింటి పిల్లవు. చేసేస్త," అన్నాడు.

నవనీత ఆ రోజంతా సంతోషంగా ఉంది. స్టాక్‌లో ఒకటి ఎందుకు మిగిలిందని అడగాలని తోచలేదు. ఇంట్లో మాత్రం చిన్న గడ్డ తీస్తున్నారని చెప్పింది. శోభతో సంతకం చేయించిన లాంటి ఫారం మీదే తనూ, చదవకుండానే, సంతకం చేసింది.

కట్టు విప్పిన రోజు బాత్రూం అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకుంది. తోలు బిగుతుగా లాగినట్టుంది, నీలం మచ్చలున్నాయి. అయినా రెండువైపులా ఉన్నాయి. పద్నాలుగేళ్ల తర్వాత మొదటిసారి రుమాలు లేకుండా జాకెట్ వేసుకుని బస్సెక్కింది.

ఆపరేషన్ అయిన ఆరోరోజు చలిజ్వరం వచ్చింది. విజేందర్ వేలితో నొక్కి చూసి, "నార్మల్," అన్నాడు. గోలీలు మార్చాడు. తొమ్మిదోరోజు అడుగున కుట్టు దగ్గర పసుపుపచ్చ నీరు ఊరడం మొదలైంది. మొదట దూది చుక్క చాలింది. తర్వాత పిడికెడు దూది. ఆ తర్వాత మళ్లీ రుమాళ్లు. వాసన ఆమెకు ముందు తెలియలేదు. కౌంటర్ ముందు నిలబడ్డ ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎలుక చచ్చిందేమోనని అటూ ఇటూ చూసింది.

విజేందర్ గది తలుపు సందులోంచి, "రూం స్ప్రే కొట్టు," అన్నాడు. కాసేపాగి, "ముంగట కూసోకు. లోపల ఫైల్లు సర్దుకో," అన్నాడు.

నిమ్మకాయ వాసన స్ప్రే. చీము వాసనతో కలిసి అది మరింత కంపు కొట్టింది. నవనీత ఫైళ్ల గదిలో కూర్చుని తన ఒంటి కంపు తానే పీలుస్తూ సాయంత్రం వరకు పని చేసింది. ఇంటికి పొమ్మని ఎవరూ అనలేదు. పోతానని ఆమె కూడా అడగలేదు. తర్వాత ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆమెకు ఆయన మీదకన్నా తన మీదే ఎక్కువ రోత పుట్టేది.

కనిపెట్టింది భిక్షం. పొద్దున గొర్రెలను వదలబోతూ, వాకిట్లో బట్టలారేస్తున్న బిడ్డ పక్కనుంచి నడిచి, ఆగాడు.

"నవనీతా, ఏడ కుళ్లుతుంది?"

"ఏం లేదు నాయినా."

"గొర్రెకు బొచ్చు కింద పుండైతే కండ్లకు కనవడది. వాసన చెప్తది. నలభై ఏండ్లసంది గిదే పని నాది. ఏడ?"

ఆమె ఏడుస్తూ ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. భిక్షం మందను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, గుర్వమ్మను తోడు తీసుకుని, ఆటో మాట్లాడి బిడ్డను మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానకు తెచ్చాడు. దారిపొడవునా ఆమెకు ఒళ్లు కాలిపోతూనే ఉంది.

డ్యూటీలో ఉన్న సర్జన్ సుమన దూది ఎత్తి చూసింది. కుట్టు విడిపోయి, ఆ సందులోంచి ఇంప్లాంట్ అంచు తెల్లగా, చేప కన్నులా కనిపిస్తోంది. గుర్వమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటకు పరుగెత్తింది.

"ఇది ఇప్పుడే తీసెయ్యాలి. ఆగితే రక్తానికి ఎక్కుతుంది," అన్నది సుమన.

తీశాక రెండురోజులు నవనీతకు సరిగ్గా తెలివి లేదు. మూడోరోజు సుమన మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఇంప్లాంట్ కార్డు ఉందా మీ దగ్గర?"

"లేదు మేడం."

"ఫైల్లో స్టిక్కర్?"

నవనీత ఆలోచించింది. తన ఫైలు తానే రాసుకుంది. పేరు, వయసు, రక్తం గ్రూపు. స్టిక్కర్ అంటించాల్సిన గడి ఖాళీగా ఉండిపోయింది. తర్వాత ఇస్తానన్నాడు విజేందర్.

"దాని వెనకవైపు నంబరుంది. నేను రాసి పెట్టాను," అని సుమన కాగితం చూపించింది. "ఇంకో సంగతి. మీలో పెట్టి పదిహేను రోజులే అయిందంటున్నారు. కానీ దాని పైపొర మీద అంతకన్నా పాత గీతలు, పట్టకారు నొక్కులు ఉన్నాయి. నాకది కొత్తదిలా అనిపించలేదు."

"అంటే?"

"అంటే ఏమిటో నేను చెప్పలేను. ఈ నంబరు ఎవరిదో తెలిస్తే చెప్పొచ్చు."

నవనీత గోడవైపు తిరిగింది. అటే చూస్తూ అడిగింది. "ఈ ఆపరేషన్ అసలు చేయించుకోకూడదా మేడం?"

"నేనలా అనను. చదివిన ప్లాస్టిక్ సర్జన్, మంచి థియేటరు, కొత్త ఇంప్లాంటు ఉంటే చాలామందికి బాగానే జరుగుతుంది. మీలాంటి వాతల కేసుల్లో అవసరం కూడా. అయినా చుట్టూ పొర గట్టిపడొచ్చు, లోపల పగలొచ్చు, చీము పట్టొచ్చు, స్పర్శ పోవచ్చు. ఎంత బాగున్నా అది జీవితాంతం ఉండేది కాదు, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కొయ్యాల్సి రావచ్చు. ఇదంతా ముందే కూర్చోబెట్టి చెప్పాలి. మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. తను కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం సెంటర్లో థియేటర్ నర్సుగా పనిచేసే హఫ్సాకు ఫోన్ చేసి నంబరు చదివింది. శోభ ఫైలు తీసి చూడమన్నది. తన ఆపరేషన్‌కు రెండునెలల ముందు రెండూ తీయించుకున్నది శోభే. "నేనే వస్త," అన్నది హఫ్సా.

హఫ్సా వచ్చి మంచం చివర నిలబడింది. నలభై దాటిన మనిషి. నవనీత ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేది. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తిన్న రోజులున్నాయి.

"ఫైల్ చూసే పని లేదు నవనీతా. అది శోభదే."

"నీకెట్ల తెలుసు ఆపా?"

"నేనే కడిగిన." హఫ్సా తల దించుకుంది. "చెత్త సంచిల ఏస్తుంటే సారు ఆపిండు. ఒకటి మంచిగనే ఉంది, కడిగి కత్తులు ఉడకవెట్టే మిషన్ల పెట్టమన్నడు. దానికి కండ పొరలు పట్టుకొని ఉండె. నల్లా కింద బ్రష్షు పెట్టి రుద్దిన. నీకు పెడతడని అప్పుడు తెల్వది, అల్లా కసం. నీ ఆపరేషన్ రోజు ట్రేల చూసిన. గుర్తుపట్టిన."

"గుర్తుపట్టి?"

"నోరు తెరవలే."

నవనీతకు ఆ నల్లా తెలుసు. దాని పక్కనే వాళ్లు టీ గ్లాసులు కడుక్కునేవాళ్లు. వంగేలోపే దుప్పటి మీద కక్కుకుంది. హఫ్సా తుడవడానికి చెయ్యి చాపింది.

"ముట్టకు," అన్నది నవనీత. "ఆ చెయ్యితోని నన్ను ముట్టకు."

మర్నాడు విజేందర్ దానిమ్మపండ్ల సంచి పట్టుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, అత్తరు వాసన. భిక్షం లేచి కుర్చీ ఇచ్చాడు. డాక్టరు సారు కదా అని.

"గిట్ల కావొద్దుండె. నీ బాడీకి పడలే. జర మానినంక కొత్త డబ్బా నీ ముంగటనే విప్పి, నేనే మళ్లా పెడత," అన్నాడు.

"అది శోభక్కది," అన్నది నవనీత.

ఆయన ఏమాత్రం తడబడలేదు. గొంతు తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "కడిగి, మిషన్ల ఏసి, శుద్ధి చేసినం గద. నువ్వు హోటల్ల తినవా? ఒకరు తిన్న ప్లేటు కడిగి ఇంకొకరికి పెట్టరా?"

భిక్షానికి మొత్తం సంగతి అప్పుడే అర్థమైంది. ఆయన అరవలేదు, కొట్టలేదు. దానిమ్మపండ్ల సంచి ఎత్తి విజేందర్ ఒళ్లో పెట్టాడు.

"నీ పండ్లు నువ్వే తీస్కపో సారూ. గొర్రెకు సూది పొడిస్తె ఆ సూది ఇంకో గొర్రెకు వాడం మేము," అన్నాడు.

విజేందర్ లేచి, చొక్కా సవరించుకుని, వార్డులో ఎవరైనా విన్నారా అని చూసుకుంటూ వెళ్లిపోయాడు. అత్తరు వాసన మాత్రం చాలాసేపు మంచం చుట్టూ ఉండిపోయింది. గుర్వమ్మ కిటికీ తెరిచింది.

సంగతంతా విని సుమన ఎయిడ్స్, హెపటైటిస్ రక్తపరీక్షలు చేయించింది. నవనీతకు ఏమీ లేదని వచ్చింది. మూడునెలల తర్వాత మళ్లీ చూడాలన్నది. "ఆ ఇంప్లాంట్ ముందెవరిలో ఉందో ఆమెను కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమంటే మంచిది. మిషన్లో పెడితే క్రిములు చస్తాయనుకున్నారు గానీ, అతుక్కున్న కండ కింద ఏం మిగిలిందో ఎవరికి తెలుసు?" అన్నది.

శోభకు ఫోన్‌లో చెప్పడం నవనీతకు చేతకాలేదు. నంబరు నొక్కి రెండుసార్లు కట్ చేసింది. దవాఖాన నుంచి వచ్చిన వారానికి, కట్టు మీద చున్నీ కప్పుకుని, కొత్తకోట బస్సెక్కింది.

శోభ అంగడి హైవే నుంచి లోపలికి తిరిగే సందులో ఉంది. వేలాడే నైటీల మధ్య నిలబడి శోభ ఎవరికో లోపలి లంగా కొలత చూపిస్తోంది. నవనీతను చూసి ముఖం ముడుచుకుంది. గిరాకీ వెళ్లాక ఇటు తిరిగింది.

"ఏం, మళ్లా ఎవలనన్నా తోలుకపోను వచ్చినవా?"

"లేదక్కా. ఒక సంగతి చెప్పాలె."

నిలబడే చెప్పింది. మధ్యలో ఆపకుండా, కళ్లు దించకుండా, హఫ్సా కడిగిన సంగతితో సహా చెప్పింది. శోభ వింటూ వింటూ ఒక చేత్తో తన ఛాతీ పట్టుకుంది. తర్వాత సందులోకి పోయి మోరీలో ఉమ్మి, మళ్లీ ఉమ్మి, నోరు తుడుచుకుంటూ వచ్చింది.

"నా లోపలికెల్లి తీసింది నీల పెట్టిండా?"

"అవునక్కా."

"చీ! కుక్కలు గూడ అట్ల చెయ్యవు." ఆమె స్టూలు మీద కూలబడింది. "మాలిష్ చేసుకోమన్నవ్. గుర్తుందా?" అన్నది.

"గుర్తుంది."

"నూనె పెట్టుకొని, నొప్పికి పండ్లు బిగవట్టి, రోజు చేసిన. నువ్వు చెప్పినవని చేసిన. సదువుకున్న పిల్ల చెప్పింది గదా అనుకున్న."

నవనీత తప్పయిందని అనబోయింది కానీ ఆ మాట నోట్లోనే చప్పగా అనిపించింది.

శోభ లేచి వెనక తెర పక్కకు తీసింది. జాకెట్లు తొడిగి చూసుకునే చిన్న జాగా అది. "లోపలికి రా. చూపియ్యి," అన్నది.

నవనీత కట్టు విప్పింది. ఎడమవైపు గుంట పడి, చుట్టూ ఊదారంగు తోలు ముడతలు తిరిగి, అడుగున ఇంకా తడి ఆరని గాయం ఉంది. ముందు ముడుచుకున్న తోలైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. శోభ ముఖం తిప్పుకోలేదు. దగ్గరగా వచ్చి చూసింది. తర్వాత తన జాకెట్ గుండీలు విప్పింది. రెండు ఖాళీ సంచులు, వాటి మీద తాడులా ఉబ్బిన మచ్చలు. ఒకదాని మొన పక్కకు తిరిగిపోయి ఉంది.

"మా ఆయన చూస్తలేడు. నేను గూడ చూసుకుంటలేను. నీకే చూపిస్తున్న," అన్నది.

నవనీత చూసింది. ఆ కొలతలు రాసింది తనే. వంకర పోకుండా స్టిక్కర్ అంటించింది తనే.

గుండీలు పెట్టుకుని బయటకు వచ్చాక శోభ గల్లాపెట్టె కింద వెతికి తన కార్డు తీసింది. "ఏడ ఇయ్యాలె దరఖాస్తు?"

"జిల్లా ఆరోగ్య ఆఫీసుల. డాక్టర్ సుమన మేడం కాగితం ఇచ్చింది. మెడికల్ కౌన్సిల్‌కు గూడ పంపాలె."

"రాయి. నేను సంతకం పెడత. ఈసారి సదివి పెడత." పెన్ను నవనీత ముందుకు తోసింది. "నిన్ను మాఫ్ చేసిన అనుకోకు మళ్ల."

"అనుకోలే అక్కా."

ఆ సోమవారం ఇద్దరూ కలిసి పోయి దరఖాస్తు ఇచ్చారు. హఫ్సా మూడురోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగోరోజు తనంతట తానే ఆఫీసుకు వచ్చి, చేసింది చేసినట్టు రాసిచ్చింది. తనిఖీకి వెళ్లినవాళ్లకు ఫ్రిజ్‌లో, పెరుగు డబ్బా పక్కన, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టిన ఇంకో నాలుగు ఇంప్లాంట్లు దొరికాయి. ఏ ఒక్కదానికీ స్టిక్కర్ లేదు. అవి ఎవరివో, ఎవరి కోసం దాచాడో విజేందర్ చెప్పలేదు. సెంటర్‌కు సీలు వేశారు. ఆయన పన్నెండు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తోంది.

శోభ రక్తపరీక్షలో ఏమీ లేదు. మూడునెలల తర్వాత నవనీతకూ ఏమీ లేదని వచ్చింది. సుమన ఆ కాగితం చూసి, గాయం పూర్తిగా మానాక, ఏడాది గడిచాక కావాలంటే హైదరాబాద్‌లో తనకు తెలిసిన ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు పంపిస్తానన్నది. నవనీత ఆలోచించుకుంటానన్నది. ఏమని ఆలోచించాలో ఆమెకు ఇంకా తెలియదు.

ఆ రోజు ఇంటికి వచ్చి వేడినీళ్లు పెట్టుకుని స్నానానికి కూర్చుంది. చాలాసేపు బయటకు రాలేదు. గుర్వమ్మ తడక తోసి చూసేసరికి బిడ్డ పీచుతో ఎడమవైపు ఆపకుండా రుద్దుకుంటోంది. మచ్చ చుట్టూ తోలు ఎర్రగా కందిపోయింది.

"సాలు బిడ్డా, సాలు. తోలు లేస్తది."

"పోతలేదమ్మా," అన్నది నవనీత.

గుర్వమ్మ పీచు లాక్కుని అవతల పారేసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బిడ్డ వెనక కూర్చుంది. చెంబుతో నీళ్లు ముంచి, వీపు మీద మెల్లగా పోయడం మొదలుపెట్టింది.